యంత్రం ఆపని పరిమితులు: సర్వర్ లైసెన్సుల్లో ప్రాసెసర్ లెక్క

సర్వర్ కొనబోయేవారు ఆపరేటింగ్ సిస్టమ్ గురించి నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: “ఈ ఎడిషన్ ఎన్ని ప్రాసెసర్లను గుర్తిస్తుందండీ?” కోస్తా పట్టణాల్లోని చిన్న ఆసుపత్రులు, కళాశాలలు, మందుల పంపిణీదారులు, ఆడిటర్ల కార్యాలయాల సర్వర్లు చూసుకోవడం నా వృత్తి కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. విండోస్ సర్వర్ 2008 కాలంలో అది సరైన ప్రశ్నే. ఇవాళ చిన్న సంస్థకు దానితో దాదాపు పని లేదు. విండోస్ సర్వర్ 2022 స్టాండర్డ్ ఎడిషన్‌ను రెండు సాకెట్ల (అంటే ప్రాసెసర్ చిప్ కూర్చునే చోట్ల) యంత్రం మీద పెడితే, అందులో ఎన్ని కోర్లున్నా (చిప్ లోపల విడివిడిగా పనిచేసే భాగాలు) అన్నింటినీ గుర్తిస్తుంది, అన్నింటినీ వాడుకుంటుంది, యాక్టివేషన్ కూడా ఏ పేచీ లేకుండా పూర్తవుతుంది. అడగవలసింది “వీటిలో ఎన్నింటికి నేను డబ్బు కట్టాను?” అని. యంత్రమే అమలు చేసే పరిమితి మనల్ని విసిగిస్తుంది గానీ నిజం చెబుతుంది. కాగితం మీద మాత్రమే ఉండి యంత్రం పట్టించుకోని పరిమితి ఆ పూటకు హాయిగా ఉంటుంది గానీ, దాని భారం చివరికి చిన్న కొనుగోలుదారు మీదే ఎక్కువగా పడుతుంది. ఈ మాట ఎందుకంటున్నానో కొంచెం వివరంగా చెప్పాలి.

ప్రాసెసర్ పరిమితి అని మనం ఒకే మాటతో పిలిచేవాటిలో నిజానికి కొన్ని ఇంజనీరింగ్ పరిమితులు. 32 బిట్ల విండోస్ 32 ప్రాసెసర్లకు మించి చూడలేకపోయిందంటే, ఏ పని ఏ ప్రాసెసర్ మీద నడవవచ్చో గుర్తుపెట్టుకునే అంకెలో ఒక్కో ప్రాసెసర్‌కు ఒక్కో బిట్ కేటాయించడం దానికి కారణం. 64 బిట్ల విండోస్‌లో ఆ సంఖ్య 64 అయింది. అంతకు మించి వెళ్లడానికి 2008 ఆర్2లో ప్రాసెసర్లను 64 చొప్పున గుంపులు చేసే పద్ధతి ప్రవేశపెట్టి 256 తార్కిక ప్రాసెసర్ల (విండోస్ విడివిడిగా లెక్కించే ప్రాసెసర్ల) దాకా తీసుకెళ్లారు, 2012లో అది 640 అయింది. లినక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలో) కూడా తయారుచేసేటప్పుడే నిర్ణయించే గరిష్ఠ సంఖ్య ఒకటుంటుంది. ఇవి ఎవరి వ్యాపారం కోసమో పెట్టినవి కావు, అవసరం వచ్చినప్పుడు ఇంజనీర్లు కష్టపడి తొలగిస్తూ వచ్చినవి. వీటితో చిన్న సంస్థకు ఎప్పుడూ తగాదా రాదు.

రెండో రకం, అదే సామర్థ్యం ఉన్న కోడ్‌కు కావాలని వేసిన తాళం. దీనికి 1996 నాటి విండోస్ ఎన్‌టీ 4.0 కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. వర్క్‌స్టేషన్ ఎడిషన్ రెండు ప్రాసెసర్లకు, సర్వర్ ఎడిషన్ నాలుగింటికి లైసెన్సు ఇచ్చేవి. వర్క్‌స్టేషన్‌కు ఏకకాలంలో పది కనెక్షన్ల హద్దు కూడా ఉండేది. ఆ రెండింటి ధరల మధ్య తేడా బాగా ఎక్కువ. విండోస్ లోపలి పనితీరును తవ్విచూసే నిపుణులు మార్క్ రస్సినోవిచ్, ఆండ్రూ షుల్మన్ పరిశీలించి తేల్చిందేమిటంటే, రెండింటిలోనూ ఉన్నది ఒకే కెర్నల్. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఉత్పత్తి రకాన్ని తెలిపే విలువను చదివి, దాన్నిబట్టి ఆ కెర్నల్ తాను వర్క్‌స్టేషన్‌లా నడుచుకోవాలో సర్వర్‌లా నడుచుకోవాలో నిర్ణయించుకుంటుంది. ఎన్ని ప్రాసెసర్లకు లైసెన్సు ఉందో చెప్పే విలువ కూడా ఆ రిజిస్ట్రీలోనే ఉండేది. ఎవరైనా ఉత్పత్తి రకాన్ని మార్చబోతే పట్టుకోవడానికి కెర్నల్‌లోనే కాపలా పెట్టారు. (అదే రస్సినోవిచ్ పదేళ్ల తర్వాత మైక్రోసాఫ్ట్‌లోనే చేరి, తరువాత అజూర్ అనే క్లౌడ్ విభాగానికి ముఖ్య సాంకేతికాధికారి అయ్యారు. పరిశ్రమలో ఇలాంటివి జరుగుతుంటాయి.) అప్పట్లో చాలామంది దీన్ని మోసంగా చూశారు. నాకు అలా అనిపించదు. ఒకే వస్తువును వేర్వేరు ధరలకు అమ్మడం వ్యాపార నిర్ణయం, పైగా ఆ తాళం కళ్లకు కనిపించేది. లైసెన్సుకు మించిన ప్రాసెసర్ పెడితే అది ఖాళీగా కూర్చునేది, యజమాని ఆ రోజే తెలుసుకునేవాడు.

ఈ పద్ధతే చాలాకాలం సాగింది. విండోస్ 2000 సర్వర్‌కు నాలుగు ప్రాసెసర్లు, అడ్వాన్స్‌డ్ సర్వర్‌కు 8, డేటాసెంటర్‌కు 32. 2008 ఆర్2 నాటికి ఫౌండేషన్ ఎడిషన్‌కు ఒక సాకెట్, స్టాండర్డ్‌కు నాలుగు, ఎంటర్‌ప్రైజ్‌కు 8, డేటాసెంటర్‌కు 64. ఎడిషన్ పేరు చెబితే హద్దు తెలిసిపోయేది.

చిక్కు మల్టీకోర్ ప్రాసెసర్లతో మొదలైంది. ఒకే చిప్‌లో రెండు కోర్లు పెట్టబోతున్నామని ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రకటించిన రోజుల్లో, దాన్ని ఒక ప్రాసెసర్‌గా లెక్కించాలా రెండుగా లెక్కించాలా అన్నది పెద్ద చర్చ అయింది. ఎన్ని కోర్లున్నా సాకెట్‌లో కూర్చునే చిప్‌ను ఒకటిగానే లెక్కిస్తామని 2004 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. డేటాబేస్ అమ్మే ఒరాకిల్ మాత్రం కోర్లను లెక్కించి, ప్రాసెసర్ రకాన్నిబట్టి ఒక గుణకంతో తగ్గించే దారి పట్టింది. ఐబీఎమ్ 2006లో ప్రాసెసర్ల విలువకు సొంత యూనిట్లే పెట్టుకుంది. వీరందరిలో మైక్రోసాఫ్ట్ మాటే కొనేవాడికి సులభంగా అర్థమయ్యేది. మూత తీసి చూస్తే సాకెట్లు కనిపిస్తాయి, పిల్లవాడైనా లెక్కపెట్టగలడు.

ఆ మాట పన్నెండేళ్లు నిలిచింది. 2012లో ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌ను తీసివేసి, స్టాండర్డ్‌కూ డేటాసెంటర్‌కూ ఒకే సామర్థ్యం ఇచ్చి, రెండు ప్రాసెసర్లకు ఒక లైసెన్సు చొప్పున అమ్మారు. ఈ మార్పు ప్రాముఖ్యాన్ని చాలామంది అప్పుడు గమనించలేదు. నాలుగు సాకెట్ల తాళం ఉన్న స్టాండర్డ్‌కు ఒక్కసారిగా 64 సాకెట్ల దాకా తలుపులు తెరుచుకున్నాయి. కోడ్‌లోని తాళం పోయింది, దాని స్థానంలో ఒప్పందంలోని వాక్యం వచ్చింది. 2016లో సాకెట్ లెక్క కూడా పోయి కోర్ల లెక్క వచ్చింది. యంత్రంలోని భౌతిక కోర్లన్నింటికీ లైసెన్సు ఉండాలి, ఒక్కో ప్రాసెసర్‌కు కనీసం 8, ఒక్కో సర్వర్‌కు కనీసం 16 కోర్లు కొనాలి. ప్రకటించిన జాబితా ధర ప్రకారం 16 కోర్ల స్టాండర్డ్ 882 డాలర్లు, అంటే అంతకుముందు రెండు ప్రాసెసర్లకు ఉన్న ధరే. కాబట్టి ధర పెంచలేదని చెప్పుకోవడానికి వీలైంది.

ఆ మాట పైకి నిజమే. కానీ ఆ తరువాత చిప్‌లు ఎటు వెళ్లాయో చూడండి. ఏఎమ్‌డీ సర్వర్ ప్రాసెసర్ ఎపిక్ 2017లో 32 కోర్లతో వచ్చింది, 2019లో 64 అయింది, 2022లో 96, 2024లో 192. సాకెట్ లెక్కే కొనసాగి ఉంటే ఈ పెరుగుదల ఫలితమంతా కొనుగోలుదారుకు దక్కేది. కోర్ల లెక్క వల్ల అందులో పెద్ద వాటా సాఫ్ట్‌వేర్ అమ్మేవారికి వెళ్లింది. వ్యాపారంగా చూస్తే ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు, పెద్ద యంత్రం వాడేవాడు ఎక్కువ కట్టడం న్యాయమే అనవచ్చు. నా అభ్యంతరం కింది మెట్టు గురించి. ఒకే ప్రాసెసర్, 8 కోర్లు ఉన్న చిన్న టవర్ సర్వర్ కొనే కళాశాల కూడా 16 కోర్లకు కట్టాలి. వాడని 8 కోర్లకు కట్టిన డబ్బు ఏ యంత్రంలోనూ ఉండదు. ఎక్కువ కోర్లున్నవాడికి ఎక్కువ అన్న సూత్రం, తక్కువ కోర్లున్నవాడికి తక్కువ అన్న వైపు పనిచేయడం లేదు.

నా బల్ల మీదికి వచ్చే కొటేషన్లలో పదేపదే కనిపించే రూపం ఒకటి చెబుతాను. 24 కోర్ల ప్రాసెసర్లు రెండు ఉన్న సర్వర్, దాని కింద ఒకే వరుసలో “విండోస్ సర్వర్ స్టాండర్డ్, 16 కోర్లు, సంఖ్య 1”. దాని కింద వర్చువల్ మెషీన్లు (ఒకే యంత్రం లోపల విడి కంప్యూటర్లలా నడిచేవి) నాలుగు ఏర్పాటు చేసి ఇస్తామన్న హామీ. ఇందులో కోర్లు 48. ఒకసారి పూర్తిగా లైసెన్సు చేయాలంటే 16 కోర్ల లైసెన్సులు మూడు కావాలి. స్టాండర్డ్ ఎడిషన్‌కు యంత్రమంతా ఒకసారి లైసెన్సు చేస్తే రెండు వర్చువల్ మెషీన్లలో విండోస్ సర్వర్ నడిపే హక్కు వస్తుంది. నాలుగు నడపాలంటే ఆ 48 కోర్లకూ మళ్లీ మొదటినుంచి కొనాలి, అంటే ఆరు. కొటేషన్‌లో ఉన్నది ఒకటి. హైపర్‌థ్రెడింగ్ (ఒక్కో కోర్‌ను రెండుగా చూపించే సదుపాయం) ఆపేసినా ఈ లెక్క తగ్గదు, ఎందుకంటే లెక్కలోకి వచ్చేది భౌతిక కోర్లే. వర్చువల్ మెషీన్‌కు నాలుగే ప్రాసెసర్లు కేటాయించామన్నా, భౌతిక యంత్రానికి లైసెన్సు చేసే ఈ పద్ధతిలో అది సమాధానం కాదు. 2022 అక్టోబరు నుంచి వర్చువల్ మెషీన్‌కు విడిగా లైసెన్సు చేసుకునే వీలు ఇచ్చారు గానీ, అది సాఫ్ట్‌వేర్ అస్యూరెన్స్ (కొత్త వెర్షన్ల హక్కు ఇచ్చే అదనపు ఒప్పందం) లేదా చందా ఉన్నవారికే, పైగా ఒక్కో మెషీన్‌కు కనీసం 8 కోర్లు.

ఎన్ని వర్చువల్ మెషీన్ల దగ్గర, మెషీన్ల సంఖ్యకు హద్దు లేని డేటాసెంటర్ ఎడిషన్ లాభమో తేల్చుకోవడం మాత్రం సులభం. 2022 జాబితా ధరల్లో 16 కోర్ల స్టాండర్డ్ 1,069 డాలర్లు, డేటాసెంటర్ 6,155. ఐదుసార్లు స్టాండర్డ్ కొంటే పది మెషీన్లకు 5,345 అవుతుంది, పదకొండో మెషీన్ కోసం ఆరోసారి కొంటే 6,414 అయి డేటాసెంటర్ చౌక అవుతుంది. పది లోపు ఉన్నవారికి డేటాసెంటర్ అంటగట్టడం కూడా నేను చూశాను.

ఇప్పుడు అసలు విషయం. పైన చెప్పిన కొటేషన్ ప్రకారం సర్వర్ వచ్చి కూర్చుంటే ఏమవుతుంది? ఏమీ కాదు. 48 కోర్లూ పనిచేస్తాయి, నాలుగు మెషీన్లూ నడుస్తాయి, తెర మీద ఒక్క హెచ్చరిక రాదు. పాత పద్ధతి ఫ్యూజు లాంటిది, లోడు మించితే అక్కడికక్కడే దీపం ఆరేది. కొత్త పద్ధతి మంజూరైన లోడు లాంటిది, రెండు కిలోవాట్లకు అనుమతి తీసుకుని ఐదు వాడినా మీటరు తిరుగుతూనే ఉంటుంది, తరువాత ఎప్పుడో నోటీసు వస్తుంది. అయితే విద్యుత్ మీటరు గరిష్ఠ లోడును కనీసం నమోదైనా చేసి చూపిస్తుంది. విండోస్ సర్వర్‌లో మీరు ఎన్ని కోర్లకు కొన్నారో రాసుకునే చోటు కూడా లేదు. టాస్క్ మేనేజర్ సాకెట్లు, కోర్లు, తార్కిక ప్రాసెసర్లు చూపిస్తుంది, లైసెన్సు ఉన్న కోర్ల సంఖ్య దానికి తెలియదు.

లెక్కపెట్టడం చేతకాక కాదు. ఎన్‌టీ కాలంలో లైసెన్సు నమోదు సర్వీసు ఒకటి ఉండేది. సర్వర్‌కు ఇన్ని అని కొనే పద్ధతిలో, కొన్న సంఖ్య దాటిన కనెక్షన్‌ను నిరాకరించేది. 2003 వెర్షన్‌లో దాన్ని ముందుగానే ఆపివేసి విడుదల చేశారు, తరువాతి వెర్షన్‌లో తీసేశారు. ఆ సర్వీసు లెక్క తప్పులతో అడ్మినిస్ట్రేటర్లను వేధించిన మాట కూడా నిజమే, దాన్ని తీసేసినందుకు అప్పట్లో చాలామంది సంతోషించారు. కానీ దాంతో, సర్వర్‌ను వాడే ఒక్కో మనిషికో పరికరానికో కొనే క్లయింట్ యాక్సెస్ లైసెన్సుల లెక్క, అంటే మనవాళ్లు క్యాల్ అనేవాటి లెక్క, పూర్తిగా కాగితానికి మారిపోయింది.

దీనికి పక్కనే ఒక వ్యతిరేక ఉదాహరణ ఉంది, మన చిన్న వ్యాపారాలకు బాగా పరిచయమైనది. సర్వర్‌లో టాలీ పెట్టి, శాఖల నుంచి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా పదిమంది పనిచేసే ఏర్పాటు ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఊరూరా కనిపిస్తుంది. దానికి మామూలు క్యాల్‌తో పాటు రిమోట్ డెస్క్‌టాప్ క్యాల్ కూడా కావాలి. ఆ రెండో దాన్ని యంత్రం నిజంగానే లెక్కిస్తుంది. ఏమీ కొనకపోతే 120 రోజుల గడువు తరువాత కనెక్షన్లు నిలిచిపోతాయి, నిర్వహణ కోసం ఇచ్చిన రెండు సెషన్లే మిగులుతాయి. ఆ రోజు అకౌంటెంట్లు గగ్గోలు పెడతారు, యజమాని నాకు ఫోను చేస్తాడు, లైసెన్సులు కొంటారు. అదే సంస్థలో మామూలు క్యాల్‌లు, కోర్ల లైసెన్సులు తక్కువగా ఉన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియకుండానే ఏళ్లు గడుస్తాయి. సాఫ్ట్‌వేర్ వాడకం వివరాలు పంపమని మర్యాదగా రాసిన ఈమెయిల్ ఒకటి వచ్చేదాకా యజమాని తాను అన్నీ కొన్నాననే అనుకుంటాడు. ఎందుకంటే అతని చేతిలో బిల్లు ఉంది, ఆ బిల్లు అసలైనదే.

దీనికి వచ్చే ప్రతివాదం నాకు తెలుసు, అది బలమైనదే. నెలాఖరు జీఎస్‌టీ రిటర్నుల వేళ లైసెన్సు లెక్క పేరుతో సర్వర్ ఆగిపోవాలని కోరుకుంటున్నారా అని మిత్రులు అడుగుతారు. రాత్రి పూట ఆసుపత్రిలో ల్యాబ్ రిపోర్టులు తెరుచుకోకపోతే బాధ్యత ఎవరిది? ఆగిపోవాలని నేను అనడం లేదు. ఆపడానికీ చెప్పడానికీ మధ్య చాలా చోటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కొన్న కోర్ల సంఖ్య అడిగి, యంత్రంలో ఉన్న కోర్లతో పోల్చి, తేడా ఉంటే అడ్మినిస్ట్రేటర్‌కు ఒక వాక్యం చూపించడం కష్టమైన పని కాదు. అలా చేయకపోవడం వల్ల అమ్మేవారికి నష్టం లేదు, తనిఖీలో తేలిన తేడాకు డబ్బు వస్తుంది. నష్టమంతా లెక్క తెలియనివాడిది. పెద్ద సంస్థల్లో లైసెన్సుల కోసమే ప్రత్యేకంగా ఉద్యోగులుంటారు, చిన్న సంస్థలో ఆ పని డీలర్ మాట మీద నడుస్తుంది.

కోడ్‌లోని తాళాలన్నీ మంచివని కూడా అనను. వర్చువల్ మెషీన్లు వచ్చాక సాకెట్ తాళం వింతగా ప్రవర్తించేది. వర్చువల్ మెషీన్లు నడిపే పాత వీఎమ్‌వేర్‌లో ఒక మెషీన్‌కు 8 ప్రాసెసర్లు ఇస్తే అది ఒక్కో కోర్ ఉన్న 8 సాకెట్లుగా చూపించేది, 2008 ఆర్2 స్టాండర్డ్ అందులో నాలుగింటినే తీసుకునేది. మిగతా నాలుగు వృథా, సర్వర్ నెమ్మదిగా ఉందని ఫిర్యాదులు. అదే 8ని ఒక సాకెట్‌లో 8 కోర్లుగా మారిస్తే అన్నీ పనిచేసేవి, లైసెన్సులో పైసా తేడా లేకుండా. విండోస్ 10 ప్రో రెండు సాకెట్లకే పరిమితం కాబట్టి ఈ ఇబ్బంది డెస్క్‌టాప్ మెషీన్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. అయినా ఇది తప్పు అని కనిపించే తప్పు, ఒక సెట్టింగుతో పోతుంది.

కనిపించని తప్పులు క్లస్టర్లలో ఉంటాయి. రెండు భౌతిక సర్వర్లు పెట్టి, ఒకటి ఆగితే వర్చువల్ మెషీన్లు రెండోదానికి వెళ్లేలా ఏర్పాటు చేస్తారు. విండోస్ సర్వర్ లైసెన్సును ఒక యంత్రం నుంచి ఇంకొకదానికి మామూలుగా 90 రోజులకొకసారి మాత్రమే మార్చాలి. మెషీన్ అటూ ఇటూ తిరగాలంటే రెండు యంత్రాలూ అన్ని మెషీన్లకూ సరిపడా ముందే లైసెన్సు అయి ఉండాలి. భద్రత కోసం కొన్న రెండో సర్వర్ లైసెన్సు ఖర్చును రెట్టింపు చేస్తుందన్న మాట కొటేషన్‌లో ఉండదు, క్లస్టర్ సాఫ్ట్‌వేర్ కూడా చెప్పదు.

లినక్స్‌కు వెళితే ఈ గొడవే ఉండదని కొందరంటారు. ఉచిత లినక్స్ అయిన డెబియన్ విషయంలో అది అక్షరాలా నిజం, సాకెట్లు ఎన్నైనా కోర్లు ఎన్నైనా ఎవరికీ చెప్పనవసరం లేదు. లినక్స్‌ను చందాకు అమ్మే రెడ్ హ్యాట్ దగ్గర మాత్రం లెక్క ఉంది: ఒక చందా రెండు సాకెట్లకు, లేదా రెండు వర్చువల్ మెషీన్లకు. అక్కడ అమ్ముతున్నది వాడుకునే హక్కు కాదు, నవీకరణలు, సహాయం. ఈ తేడా ముఖ్యమైనదే. ఇంకో మంచి సంగతి, కోర్ల సంఖ్య అక్కడ లెక్కలోకి రాదు. అయితే ఉచితంగా అదే అనుభవం ఇచ్చే సెంట్‌ఓఎస్ మీద ఆధారపడ్డవారికి, 2029 దాకా ఉంటుందనుకున్న సెంట్‌ఓఎస్ 8 కాస్తా 2021 డిసెంబరు 31న ముగిసింది. ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ ఆ ఖాళీలో పుట్టాయి. మా ప్రాంతంలో అసలు అడ్డంకి వేరే చోటుంది. ఆసుపత్రి సాఫ్ట్‌వేరూ కళాశాల ఫీజుల సాఫ్ట్‌వేరూ విండోస్ మీదే నడుస్తాయి, వాటిని రాసినవారు మార్చరు. ఫైళ్లు పంచుకోవడం, బ్యాకప్, వెబ్‌సైట్ లాంటి పనులను డెబియన్‌కు తరలించి, విండోస్ మెషీన్లను రెండుకు కుదించడం చాలా చోట్ల సాధ్యమే. ఆ రెండు అన్న సంఖ్య ఎందుకు అంత విలువైనదో పైన చెప్పాను.

ఇవన్నీ చూశాక నా సలహా క్రమం మారింది. లోగడ యంత్రం ఎంచుకున్నాక ఎడిషన్ గురించి ఆలోచించేవాళ్లం, ఇప్పుడు 16 కోర్ల నుంచి వెనక్కు లెక్కపెట్టి ప్రాసెసర్ ఎంచుకోమంటున్నాను. రెండు 24 కోర్ల చిప్‌ల బదులు, ఎక్కువ వేగం ఉన్న 16 కోర్ల చిప్ ఒక్కటి చిన్న ఆసుపత్రికి తరచుగా సరిపోతుంది, పైగా డేటాబేస్ పనులకు కోర్ల సంఖ్య కంటే ఒక్కో కోర్ వేగమే మేలు చేస్తుంది. చిప్ తయారీదారులకు కూడా ఇది తెలుసు. తక్కువ కోర్లు, ఎక్కువ వేగంతో ఏఎమ్‌డీ ఎపిక్ ఎఫ్ వరుస ప్రాసెసర్లు తెచ్చింది కోర్ల చొప్పున కట్టేవారిని దృష్టిలో పెట్టుకునే. ఆ వరుసలో 2020లో వచ్చిన 7ఎఫ్32లో కోర్లు ఎనిమిదే. వీఎమ్‌వేర్ వాడేవారికి ఇంకో లెక్క కూడా తోడవుతుంది. 2023 చివర్లో బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లాక అక్కడ శాశ్వత లైసెన్సులు పోయి, కోర్ల చొప్పున చందా, ఒక్కో ప్రాసెసర్‌కు కనీసం 16 కోర్లు అన్న నియమం వచ్చాయి. ఒకే కోర్‌కు రెండుచోట్ల కట్టే స్థితి ఇది. వర్చువల్ మెషీన్లు నడపడానికి హైపర్-వీ విండోస్ సర్వర్‌తోనే వస్తుంది, ప్రాక్స్‌మాక్స్ చందా లేకుండానూ నడుస్తుంది కాబట్టి చిన్న సంస్థలకు ఆ రెండో చెల్లింపును నేను సిఫారసు చేయను.

విండోస్ సర్వర్ 2016కు మద్దతు 2027 జనవరి 12తో ముగుస్తుంది. ఆ కాలంలో కొన్న సర్వర్లు మా చుట్టుపక్కల ఇప్పటికీ చాలా నడుస్తున్నాయి, వాటిని మార్చడానికి కొటేషన్లు రావడం మొదలైంది. సాఫ్ట్‌వేర్ అస్యూరెన్స్ లేని పాత కోర్ల లైసెన్సులు కొత్త వెర్షన్‌కు పనికిరావు, 2016 క్యాల్‌లతో విండోస్ సర్వర్ 2025ను వాడే హక్కు లేదు. వర్చువల్ మెషీన్లు ఎన్ని, భౌతిక కోర్లు ఎన్ని, వాడేవారు ఎందరు అన్న మూడు సంఖ్యలు పక్కపక్కన రాసి, వాటి ఎదురుగా కొనబోయే లైసెన్సుల సంఖ్యను డీలర్ చేత రాయించి సంతకం తీసుకోమని నా ఖాతాదారులకు చెబుతున్నాను. ఒకరిద్దరు డీలర్లు ఆ కాగితం చూశాక కొటేషన్ మార్చి పంపారు.